రెండు కళ్లకు రెండు తెలుపులు

జూన్ 2

రేపు పొద్దున కుడికన్ను. ఎడమది నెల తర్వాత. చిన్న ఆపరేషనే అంటున్నారు అందరూ. కన్ను వాళ్లది కాదుగా!

మూడు వారాలు బ్రష్ ముట్టుకోవద్దన్నారు డాక్టరు. పెన్ను గురించి ఏమీ అనలేదు. చేతికి పని లేకపోతే నేను మనిషిని కాను. అందుకే ఇది.

జూన్ 4

కట్టు విప్పారు. మొదట కనిపించింది నర్సు భుజం. ఎంత నీలమో!

“కొత్త యూనిఫామా అమ్మా?” అని అడిగాను.

“కాదండీ, ఎప్పుడూ ఇదే. మొన్న మీకు చుక్కలు వేసినప్పుడూ ఇదే వేసుకున్నాను” అని నవ్వింది.

మొన్న అది బూడిద రంగులో ఉంది. ప్రమాణం చేసి చెప్పగలను.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుందామని సింకు దగ్గర నిలబడి, అలాగే ఉండిపోయాను. ఎడమకన్ను మూస్తే సింకు తెల్లగా, అంచుల్లో కొంచెం నీలంగా, చల్లగా ఉంది. కుడికన్ను మూస్తే పాత కాగితంలా, పల్చటి టీలా ఉంది. కాసేపు అలాగే మూసి ఉంచితే ఆ కంటికి అదే తెలుపు. ఒకటే సింకు. రెండు కళ్లకు రెండు తెలుపులు. చిన్నపిల్లలా కన్ను మార్చి కన్ను మూస్తూ చాలాసేపు ఆడుకున్నాను.

మంచం మీద దుప్పటి మీగడ రంగట! తెల్లదని కొన్నాను. షాపువాడు “ఇవి తెలుపు కాదండీ” అంటే, “తెలుపంటే ఏమిటో నాకు చెబుతావా, నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది అదేనయ్యా” అని వాడి మీద ఎగిరాను. పాపం, ఏమీ అనకుండా కట్టి ఇచ్చాడు.

అద్దంలో ఎవరో ముసలావిడ కనిపించింది. ఆవిడ సంగతి తర్వాత.

జూన్ 5

పైకి, స్టూడియోలోకి వెళ్లాను. వెంటనే దిగి వచ్చేశాను.

జూన్ 6

సరే, రాస్తాను.

నేను వేసేవి బొమ్మలు కావని మా వాళ్లు ఎప్పుడూ అనేవారు. చెట్టుండదు, మనిషుండడు, ఇల్లుండదు. తెలుపు, నీలం, వాటి మధ్య గీత. తెలుపు మీద తెలుపు వేస్తే రెండో తెలుపు ఎక్కడ మొదలైందో కన్ను వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నా పని. మొదటి పదేళ్లు ఎవరూ చూడలేదు. తర్వాత కొద్దిమంది చూశారు. ఆ తర్వాత చాలామంది చూస్తున్నట్టు నటించారు. అది చాలు, బతికాను.

నేను ట్యూబు మీద పేరు చదివి రంగు తీయను. డబ్బాల్లో పోసుకుని, అదింత, ఇదింత వేసి, కంటికి సరే అనిపించేదాకా కలుపుతూ పోతాను. కన్ను సరే అంటే సరే.

నిన్న కుడికంటితో చూశాను. గోడకి ఆనించి ఉన్న నాలుగేళ్ల పని. ఒక్కదాంట్లో తెలుపు లేదు. నేను తెలుపని వేసినదల్లా పసుపు. నీలమని వేసిన చోట మట్టిరంగు, బురద రంగు, కొన్ని చోట్ల ఎండిపోయిన ఆకు రంగు. ఎవరో వచ్చి నా గదిలో కూర్చుని నాలుగేళ్లు బొమ్మలు వేసి, కింద నా సంతకం పెట్టి వెళ్లినట్టుంది.

ఎడమకంటితో చూశాను. తెలుపు, నీలం. ఎప్పటిలాగే.

మావారు పోయిన మరుసటి ఏడు ఈ వరసలోని మొదటి బొమ్మలు బయటికి వెళ్లాయి. గ్యాలరీ ఆవిడ వాటిమీద వ్యాసం రాసింది. ‘భర్త మరణంతో ఈ చిత్రకారిణి కుంచె మట్టిలోకి దిగింది. వెలుగు వాడిపోయింది. ఇవి దుఃఖపు రంగులు’ అని. మట్టి, వాడిపోవడం, ఇవన్నీ వ్యాసాల్లో రాసే మాటలు కదా అనుకున్నాను. రంగు గురించే అంటున్నారని నాకు తట్టనే లేదు. చూసినవాళ్లు నా చేతులు పట్టుకునేవారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. ఆ రోజూ లేదు, తర్వాతా లేదు. నాలో ఏదో లోపం ఉందేమోనని కంగారుపడుతున్న రోజుల్లో ఆ వ్యాసం వచ్చింది. ఓహో, నేను కాన్వాసు మీద ఏడుస్తున్నానన్నమాట అనుకున్నాను. ఎంత ఊరటో! నాలుగేళ్లు ఆ ఊరట మీదే నడిచాను.

ఇప్పుడు తేలింది ఏమిటంటే, అది కంట్లో పొర.

మరి నా ఏడుపు ఎక్కడుంది?

జూన్ 9

గ్యాలరీ ఆవిడ వచ్చింది. వచ్చే నెల ఇరవయ్యో తారీకున నా నలభై ఏళ్ల బొమ్మలన్నీ ఒకచోట పెడుతోంది. ఆఖరి గది మొత్తం ఆ పసుపు బొమ్మలే. గోడల మీద రాయించే మాటలు నాకు చూపించడానికి తెచ్చింది.

“ఈ గది మీ మౌనానికి శిఖరం” అని చదివింది.

“ఇది శిఖరం కాదమ్మా, శుక్లం” అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. పైకి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, అంతా చెప్పాను. నేను తెలుపు వేశాననుకున్నాను, నీలం వేశాననుకున్నాను అని. ఆవిడ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. తర్వాత చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసింది, మా ఇంట్లో నేను తప్ప ఎవరుంటారు!

“మేడమ్, ఇది మీరూ నేనూ డాక్టరుగారూ తప్ప ఇంకెవరికైనా తెలుసా?”

“డాక్టరుకి కన్ను గురించి తెలుసు. బొమ్మల గురించి తెలీదు.”

“అయితే అలాగే ఉండనివ్వండి. దండం పెడతాను. కన్ను ఎలా చూస్తే ఏముంది, చెయ్యి మీదే కదా. మీ మనసు ఆ రంగు కోరుకుంది. అందుకే కన్ను అలా చూసింది.”

“కన్ను మనసు మాట వినదమ్మా. వినేటట్టయితే ఆపరేషన్ ఎందుకు?”

ఆవిడ వెళ్తూ గుమ్మంలో ఆగి, “జనం ఈ బొమ్మల ముందు ఏడ్చారు మేడమ్. వాళ్లకేం చెబుతారు?” అంది.

ఆ ఒక్క ప్రశ్న మాత్రం వ్యాసంలోది కాదు. సొంతంగా అడిగింది.

జూన్ 10

ఆయన ఉంటే పడి పడి నవ్వేవారు.

జూన్ 13

మూడు రోజులుగా ఒక విషయం చుట్టూ తిరుగుతున్నాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

ఆయన పోయింది కామెర్ల జబ్బుతో. లోపల గడ్డ పెరిగి, పైకి కామెర్లుగా కనిపించింది. ఆ వేసవి అంతా ఆకలి లేదనేవారు, నీరసం అనేవారు. ఎండలు కదా అనుకున్నాం. మే ఆఖర్లో మా ఆడపడుచు వచ్చింది, ఆయన ఒక్కగానొక్క చెల్లెలు. మనిషి భారీ, పేరు మాత్రం పిట్ట. చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరు. వేరే ఊళ్లో చిన్నపిల్లల బడిలో టీచరు. బడికి సెలవులిచ్చినప్పుడల్లా వచ్చేది. గుమ్మంలో అడుగు పెడుతూనే సంచి కింద పడేసి, “అన్నయ్యా, నీ కళ్లేమిటి ఇలా ఉన్నాయి?” అంది. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇంకొంచెం ముందు తీసుకురావాల్సింది అన్నారు అక్కడ. ఆ మాట ఎందుకు అంటారో డాక్టర్లు, అని ఏం లాభమో వాళ్లకి.

ఆ ఆస్పత్రి వరండాలో, బల్ల మీద నా పక్కన కూర్చుని పిట్ట అంది: “రంగులతో కాపురం చేసేదానివి వదినా. మా అన్నయ్య ఒళ్లు పసుపెక్కిపోతుంటే నీకు కనబడలేదా?”

గట్టిగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. ఆయన పోయాక ఓ నెల ఉండి వెళ్లిపోయింది. తర్వాత ఫోన్లు తగ్గాయి. తర్వాత లేవు.

పొర ఉంటే కనబడదు కదా. పసుపు పొరలోంచి చూసేదానికి పసుపెక్కిన మనిషి మామూలుగానే కనిపిస్తాడు కదా.

జూన్ 16

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కన్ను బాగుంది, అద్దంలా ఉంది అన్నారు. తలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్లి అడిగాను.

“ఈ పొర ఎప్పటినుంచి ఉండి ఉంటుందండీ?”

“అలా తారీకు చెప్పలేమమ్మా. చాలా నెమ్మదిగా వస్తుంది. అందుకే లోపల ఉన్నవాళ్లకి తెలియదు. కొందరికి అయిదేళ్లు, కొందరికి ఏడెనిమిదేళ్లు.”

“నాలుగేళ్ల కిందట, వేసవిలో, ఉండి ఉంటుందా?”

ఆయన నా మొహం చూశారు. ఎందుకని అడగలేదు. “మొదలై ఉండొచ్చు. మొదలవకపోయి ఉండొచ్చు కూడా” అన్నారు.

జూన్ 17

మొదలై ఉండొచ్చు అన్నారు.

జూన్ 18

పిట్టకి ఫోన్ చేశాను. నాలుగేళ్లలో మొదటిసారి నేనే చేశాను. ఎత్తుతుందనుకోలేదు. “వదినా?” అంది, ఎవరో ఫోన్‌లో నన్ను అనుకరిస్తున్నారేమోనన్నంత అనుమానంగా.

కంటి సంగతి చెప్పాను. బొమ్మల సంగతి చెప్పాను. ఆ తర్వాత, “అందుకే నాకు కనబడలేదు పిట్టా” అన్నాను.

అవతల ఏడుస్తోంది. “నేను ఆ మాట అని ఉండకూడదు వదినా. నాలుగేళ్లు నోరు కాల్చుకున్నట్టుంది నాకు. ఈ ఆదివారం వస్తున్నాను” అంది.

గుండెల మీంచి ఎవరో లేచి వెళ్లినట్టుంది.

జూన్ 22

పిట్ట నిన్న వచ్చి ఇవాళ సాయంత్రం బస్సుకి వెళ్లింది. ఒక్క రోజులో వంటింటి అరలన్నీ సర్దేసింది. ఏది ఎక్కడుందో ఇక ఏడాది దాకా నాకు దొరకదు.

పైకి తీసుకెళ్లి బొమ్మలు చూపించాను. చేతులు నడుము మీద పెట్టుకుని, పిల్లల కాపీలు దిద్దుతున్నట్టు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లింది.

“అన్నయ్య వీటికి పేర్లు పెట్టలేదా?”

నేను నా బొమ్మలకి అంకెలే పెడతాను. పేర్లు పెట్టేది ఆయన. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, ఎక్కడ ఏం తేడా ఉన్నా పట్టుకునేవారు. కొత్త బొమ్మ ఆరకముందే గుమ్మంలో నిలబడి, ‘ఉతికిన దుప్పటి’ అనో, ‘పక్కింటివాళ్ల ప్రహరీ’ అనో, ‘జీతం రాని నెల’ అనో అనేసేవారు. నాకు ఒళ్లు మండేది. తర్వాత చూస్తే అది అచ్చం అలాగే ఉండేది. ఇక దాన్ని మళ్లీ మొదటినుంచి వేయాల్సి వచ్చేది.

“ఇవి ఆయన పోయాక వేసినవి. పేర్లెవరు పెడతారు?” అన్నాను.

పిట్ట బస్సెక్కేటప్పుడు నా గడ్డం పట్టుకుని, కుడికంట్లోకి చూసి, “ఇందులో పెట్టిన లెన్సు ప్లాస్టిక్ ముక్కా? నమ్మలేం” అంది.

జూన్ 30

రోజూ పిట్ట ఫోన్. దాని బడి కబుర్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. హెడ్‌మాస్టరు అంటే నాకూ పడటం లేదు.

ఎడమకంటికి జూలై అయిదున రమ్మన్నారు. ప్రదర్శన అయ్యాక వస్తానని చెప్పాను. పనుల ఒత్తిడి అని చెప్పాను. పనులేం లేవు.

జూలై 8

గ్యాలరీకి వెళ్లాను. బయటివాళ్ల దగ్గరున్న పాత బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇవాళ పళ్ల డాక్టరుగారి దగ్గర్నుంచి పెద్దది వచ్చింది. ఆయన వెయిటింగ్ రూములో ఇన్నాళ్లూ పంటి నొప్పి మనుషులు చూస్తూ కూర్చున్నది. ఆయన పోయిన ఏడు ఏప్రిల్, మే నెలల్లో వేశాను. పిట్ట రావడానికి వారం ముందు పూర్తయింది. మళ్లీ చూడలేదు.

గుడ్డ విప్పారు.

తెలుపు.

జూలై 9

హాల్లో లైట్ల వల్ల అలా ఉందేమో. ఆ లైట్లు మరీ నీలంగా ఉంటాయి.

పళ్ల డాక్టరు కడిగించాడేమో. పళ్లు తెల్లబరిచేవాడు గోడ మీదిది ఊరికే వదులుతాడా?

జూలై 10

మళ్లీ వెళ్లాను. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో పెట్టించాను. తెలుపే.

జూలై 12

“ఆ పెద్దది తీసేద్దామా, గదిలో ఇరుకవుతోంది” అన్నాను గ్యాలరీ ఆవిడతో.

“అయ్యో, అదే కదండీ ఆఖరి తెల్ల బొమ్మ! దాన్ని దాటి గుమ్మంలో అడుగుపెడితే పసుపు గది. ఆ తేడా తెలియాలంటే అది ఉండాల్సిందే” అంది.

నిజమే. ఆ తేడా తెలియాలంటే అది ఉండాల్సిందే.

పిట్ట ఫోన్ చేసింది. ఎత్తలేదు. తర్వాత నేనే చేసి, తలనొప్పి అన్నాను.

జూలై 15

ఆ బొమ్మలో తెలుపు మీద తెలుపు, దాని మీద మరో తెలుపు. ఒకదాంట్లో బియ్యపు గింజంత నీలం, ఇంకోదాంట్లో అంతకన్నా తక్కువ పసుపు. రెంటికీ తేడా కుడికంటితో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అంటే అప్పుడు కలిపిన కంటికీ కనిపించింది. చూడని తేడాని ఎవరూ కలపలేరు. ఆ వేసవిలో నా కళ్లు శుభ్రంగా ఉన్నాయి.

పొర తర్వాత వచ్చింది.

ఆ రెండు నెలలూ పొద్దున పైకెక్కితే పొద్దుపోయాకే దిగేదాన్ని. టీ ఆయనే పెట్టి, మెట్లెక్కి తెచ్చేవారు. మెట్ల మీద ఆగి ఆగి రావడం వినిపించేది. ఇంత మెల్లగా వస్తున్నారేం, టీ చల్లారిపోతుంది అనుకునేదాన్ని. ఒక రోజు గోడ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు. “ఈ మధ్య ఏదీ తినాలనిపించడం లేదు” అన్నారు. “ఎండలకి” అన్నాను, వెనక్కి తిరగకుండానే. కాసేపు బొమ్మ చూసి, ‘ఎవరూ పడుకోని పక్క’ అన్నారు.

నాకు నచ్చింది ఆ పేరు. ఆ మాట చెప్పడానికి వెనక్కి తిరిగాను కూడా. తిరిగి, ఆయన వైపు చూసి నవ్వాను.

చూశాను. నా కళ్లు బాగానే ఉన్నాయి, వెలుతురు బాగానే ఉంది, మనిషి ఎదురుగానే ఉన్నారు.

జూలై 18

పిట్ట ప్రదర్శనకి వస్తోంది. కొత్త చీర కొనుక్కుందట. “ఏ రంగో చెప్పను, నువ్వే చూడు, ఇప్పుడు చూడగలవుగా” అంటోంది.

జూలై 21

నిన్న ప్రారంభం అయింది. వరసగా రాస్తాను, లేకపోతే నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

పిట్ట నారింజ రంగు చీరలో వచ్చింది. అన్ని తెల్లబొమ్మల మధ్య అది నడుస్తుంటే జనం బొమ్మలు వదిలి దాన్నే చూశారు. మొదటి గదిలోంచి ఒక్కొక్కటీ చూస్తూ, “దీనికి అన్నయ్య ఏం పేరు పెట్టాడు? దీనికి?” అని అడుగుతూ వచ్చింది. ‘జీతం రాని నెల’ దగ్గర పకపకా నవ్వింది.

పెద్దదాని దగ్గరికి వచ్చాం. నేను ముందుకి నడవబోయాను. అది ఆగిపోయింది. పక్కనున్న చీటీ చదివింది, నెల, సంవత్సరం. టీచరు కదా, చీటీలు వదలదు.

“ఇది ఆ వేసవిది కదూ?”

“అవును.”

“తెల్లగా ఉందేం వదినా?”

“తెల్లగానే ఉంది.”

నేను చెప్పక్కర్లేకపోయింది. దాని మొహంలోనే అంతా ఒక్కొక్కటిగా కూడుకుంటూ రావడం చూశాను. వెళ్లి మధ్యలో ఉన్న బల్ల మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టే.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఇది ఇక్కడికి వచ్చిన రోజు.”

“రోజూ మాట్లాడుకున్నాం కదే. చెప్పలేదేం?”

“నువ్వు మళ్లీ వెళ్లిపోతావని.”

పిట్ట ఆ తెలుపు వైపు చూస్తూ కూర్చుంది. జనం మా ముందునుంచి వెళ్తున్నారు. మేమిద్దరం బొమ్మలో లీనమైపోయామనుకుని గొంతు తగ్గించుకుంటున్నారు.

“నేను అంతకుముందు ఎప్పుడొచ్చాను? ఫిబ్రవరిలో” అంది చివరికి. “మధ్యలో చూడలేదు. అందుకని గుమ్మంలోనే తెలిసింది. రోజూ చూస్తూ ఉంటే నాకూ తెలిసేది కాదేమో.”

“కాదేమో అంటున్నావు.”

“కాదేమో అనే అంటాను. ఖాయంగా ఎలా చెప్పను? నా బళ్లో పిల్లలు ఎప్పుడు పొడుగవుతారో నాకు తెలీదు. సెలవుల తర్వాత చూస్తే పొడుగై ఉంటారు.” ముక్కు తుడుచుకుంది. “అయినా నీ కంట్లో పొర నీ కంట్లోనే ఉంది కదా. నాలుగేళ్లు నీకే తెలియలేదు. ఇక ఎదుటి మనిషి సంగతి ఏం చెబుతాం?”

“నన్ను ఓదార్చకు పిట్టా.”

“ఓదార్చడం లేదు. కోపంగానే ఉంది. అన్నయ్య అన్ని మెట్లెక్కి నీకు టీ తెచ్చేవాడని తెలుసు నాకు, ఫోన్‌లో చెప్పేవాడు. నువ్వు ఒక్కసారి కిందికి దిగి ఉండాల్సింది.”

“దిగి ఉండాల్సింది.”

“కోపం ఉంటుంది. ఉండనీ. కానీ ఈసారి వెళ్లిపోను. ఆ నాలుగేళ్లూ నాకు నువ్వూ లేవు, అన్నయ్యా లేడు. అంత దరిద్రం మళ్లీ నావల్ల కాదు.” లేచి నిలబడి, చీర సర్దుకుని, “పద, ఆ పసుపు గది చూద్దాం” అంది.

పసుపు గదిలో జనం ఎక్కువ. గ్యాలరీ ఆవిడ నా దగ్గరికి ఒకామెని తీసుకొచ్చింది. నడివయసు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టు భుజాన బ్యాగు.

“మా నాన్న పోయిన ఏడాది ఈ బొమ్మ చూశానండీ. ఇక్కడే కూర్చుని ఏడ్చాను. ఇంట్లో ఏడవలేకపోయాను. మీరూ అలాగే బాధపడి ఉంటారు కదా అనిపించింది” అంది.

గ్యాలరీ ఆవిడ కళ్లు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. నమస్కారం పెట్టి ఊరుకుంటే అయిపోయేది. ఆమె మొహం చూశాక నావల్ల కాలేదు.

“అమ్మా, మీకు నిజం చెప్పాలి. ఇది తెలుపు, నీలం అనుకుని వేశాను. నా కళ్లకి పొర వచ్చింది. ఇలా అయిందని నాకే తెలీదు. పోయిన నెల ఆపరేషన్ అయ్యాక చూసుకున్నాను.”

చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. ఆమె బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది.

“అయితే నేను ఊరికే ఏడ్చానా?”

జూన్ నుంచి నన్ను నేను అడుగుతున్నది అదే. నోరు తెరిస్తే జవాబు వచ్చింది.

“లేదమ్మా. మావారు ప్రూఫులు దిద్దేవారు. నేను కొత్త బొమ్మ వేస్తే గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అనేవారు. ఆయనే ఉంటే దీన్ని చూసిన మొదటి రోజే, ‘ఏమే, దుప్పటి మీద టీ ఒలికిందేం?’ అనేవారు. నేను పోట్లాడేదాన్ని, ఆయన ఒప్పుకునేవారు కాదు, మర్నాడే కళ్ల డాక్టరు దగ్గర ఉండేవాళ్లం. ఈ రంగు ఇన్నాళ్లు ఇలా ఉండిపోయిందంటే, నాకు చెప్పే మనిషి ఇంట్లో లేక. మీరు ఏడ్చింది దానికే అనుకోండి.”

ఆమె నవ్వబోయింది, కుదరలేదు. పిట్ట వెనకనుంచి “టీ ఒలికిన దుప్పటి” అని, గట్టిగా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయి నా భుజం మీద పడింది. అప్పుడు నాకూ వచ్చింది. అంత మందిలో, లైట్ల కింద, గుక్కపెట్టి ఏడ్చాను. కంటికి తడి తగలకూడదని డాక్టరు చెప్పినది నీళ్ల గురించో, కన్నీళ్ల గురించో అడిగి తెలుసుకోలేదు.

అందరూ వెళ్లాక గ్యాలరీ ఆవిడ తాళాలు వేస్తూ, “ఆ గోడ మీద రాయించింది చెరిపించేస్తాను మేడమ్” అంది. తాళంచెవులు సంచిలో వేసుకుని, “మీవారు పెట్టిన పేర్లన్నీ నాకు చెబుతారా? అంకెల పక్కన అవి రాయిస్తాను” అంది. ఆయన నా మీద గెలిచారు.

జూలై 29

రేపు ఎడమకన్ను. పిట్ట సెలవు పెట్టి వచ్చింది, కింద గదిలో పడుకుని గురక పెడుతోంది.

సాయంత్రం ఎండ ఉండగానే పైకి వెళ్లాను. ప్రదర్శనకి పంపకుండా ఉంచుకున్న ఒక పసుపు బొమ్మ ఉంది. కుడికన్ను చేత్తో మూసుకుని ఎదురుగా నిలబడ్డాను. తెలుపు, నీలం. గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మంచి బొమ్మ. నేను వేసింది ఇదే. ఇలా దీన్ని చూసినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే, ఇవాళ ఆఖరు.

వెలుతురు తగ్గేదాకా చూశాను. తర్వాత చెయ్యి తీశాను.

ఆగస్టు 6

రెండు కళ్లూ ఒకే మాట చెబుతున్నాయి. కొంచెం తోచడం లేదు.

పొద్దున పిట్ట చుక్కలు వేసి, తన మాత్రల డబ్బా వెతుక్కుంటోంది. కిటికీ దగ్గరికి రమ్మన్నాను.

“ఎందుకు?”

“రా, చెబుతాను. కన్ను కిందికి లాగు. పైకి చూడు.”

“నాకేం రోగం?”

“చూడనీవే.”

దాని కళ్లు చూశాను. తెల్లటి భాగంలో సన్నగా ఎర్రజీరలు. వారం రోజులుగా నాకోసం సరిగ్గా నిద్రలేదు. పసుపు లేదు. అంచుల్లో కూడా లేదు. చేతులు తిప్పించి గోళ్లు చూశాను. నాలుక చాపమన్నాను. చాపింది.

“అయిందా? ఇప్పుడు నువ్వు” అని నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. “నెలకోసారి వస్తాను. రోజూ చూసుకుంటే మనకేం తెలియదు. నెలకోసారి నన్ను నువ్వు చూడు, నిన్ను నేను చూస్తాను. ఊ, చాపు.”

చాపాను. ఎదురింటాయన మొక్కలకి నీళ్లు పోద్దామని బయటికి వచ్చి, కిటికీలో ఒకళ్ల మొహంలోకి ఒకళ్లు నాలుకలు చాపుకుని నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లని చూసి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మేం కిటికీ వెయ్యలేదు. వెలుతురు బాగుంది, నా వంతు ఇంకా అవ్వలేదు.